మన్యపు సంత

ఖమ్మము పట్టణమును విడిచి తూర్పుగా కొత్తగూడెము, పాల్వంచలను దాటి భద్రాచలము చేరు త్రోవలో, పత్తిచేలును మిరపతోటలును క్రమముగా వెనుకబడి, మద్ది, ఇప్ప, తునికి, మోదుగ వృక్షములు బాటకు సమీపించుచుండగా, మైదానము ఎక్కడ ముగిసినదో మన్యము ఎక్కడ మొదలైనదో నిర్ణయించుట ప్రయాణికునకు సులభము కాదు. కాని ఆ అరణ్యప్రాంతమున వారమునకొక దినము నియతముగా కూడు సంతలో నిలిచి చూచినవానికి ఆ రెండు లోకములును ఎదురెదురుగా కూర్చుండి కానవచ్చును. ఒకవైపు అడవి ఇచ్చిన చింతపండు, తేనె, ఇప్పపూవు, కరక్కాయలు, చీపురుకట్టలు. మరియొకవైపు పట్టణము పంపిన ఉప్పు, నూనె, బట్టలు, గిన్నెలు, ఎండుచేపలు. ఈ రెంటి నడుమ ఒక తక్కెడ. ఆ తక్కెడ న్యాయముగా నిలిచినదా, ఒకవైపునకు మొగ్గినదా అను ప్రశ్న ఈ ప్రాంతపు గిరిజనుల చరిత్రలో అడుగడుగునను వినవచ్చును. కనుక సంతను చూడబోవువారు దాని రంగులను మాత్రమేకాక దాని కొలతలను కూడ చూడవలెను.

చర్ల, వెంకటాపురము, చింతూరు, కూనవరము మొదలగు ఊళ్ళలో సంతలు చిరకాలముగా సాగుచున్నవి. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క వారము. ఒకచోట ముగిసిన మరునాడో, రెండునాళ్ళకో వేరొకచోట. బట్టల మూటవాడును, గాజులమ్ముకొను స్త్రీయు, ఉల్లిగడ్డల వర్తకుడును ఈ వారములను అనుసరించియే తిరుగుదురు. ఇట్లేల జరుగవలెనన్నచో కారణము తేటతెల్లము. పది గడపలును ఇరువది గడపలును గల పల్లెలు అడవిలో చెదరియుండగా, ఏ పల్లెయు నిత్యము తెరచియుండు అంగడిని పోషింపజాలదు. కావున కొనువారందరును ఒకనాడు ఒకచోట కూడుటయు, అమ్మువారు ఊరూరు తిరుగుటయు ఉభయులకును సాధ్యమైన మార్గము. సరిహద్దున కావల బస్తరులో దీనినే హాట్ అందురు. నైజీరియాలోని యోరుబా జనులు తమ నాలుగునాళ్ళ వారమును బట్టి అంగళ్ళు నడుపుట కూడ ఈ న్యాయముననే.

ఈ భూభాగము ఏలికలను పలుమార్లు మార్చుకొన్నది. పదునేడవ శతాబ్దమున గోలకొండ తానీషా కాలములో కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండి భద్రాద్రిపై కోవెల కట్టించి చెరసాల పాలైన వృత్తాంతమును ఎరుగని తెలుగువారుండరు. అటుపిమ్మట నిజాము పాలనలోనున్న గోదావరి ఎడమగట్టు సీమలు 1860లో ఆంగ్లేయుల వశమై మధ్యపరగణాలలో చేరెను. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకును, 1909లో నూగూరు తాలూకా కూడ అక్కడికే వచ్చి చేరెను. ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిదప, 1959లో ఇవి ఖమ్మం జిల్లాలో కలిసెను. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు పోలవరము ప్రాజెక్టు నిమిత్తమై చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, కుకునూరు, వేలేరుపాడు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోగా, భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమయ్యెను. ఇన్ని మార్పులలోను సంతకు వచ్చు కోయ గిరిజనునికి కాలిబాట మారలేదు. ఛత్తీస్‌గఢ్ అడవులనుండి చర్లకు వచ్చు గుత్తికోయలకును, చింతూరు వచ్చు కుంట ప్రాంతపు వారికిని రాష్ట్రముల పేర్లకంటె వారము పేరే ముఖ్యము.

రోడ్లు లేని కాలమున ఈ వర్తకమునకు గోదావరియే రాజమార్గము. రాజమహేంద్రవరమునుండి నావలు పాపికొండల నడుమ ఎదురెక్కి వచ్చుచు ఉప్పు, ఎండుచేపలు, బట్టలు తెచ్చి, తిరుగుప్రయాణమున చింతపండు, కరక్కాయలు, వెదురు, కలప కొనిపోవుచుండెను. నాగపూరు, బీరారు సీమల ప్రత్తిని నదిమీదుగా సముద్రమునకు దింపవలెనన్న సంకల్పముతో ఆర్థర్ కాటను ప్రోత్సహించిన ఎగువ గోదావరి నౌకామార్గ పథకమున దుమ్ముగూడెము వద్ద ఆనకట్టయు, నావలను పైకెత్తి దింపు లాకులును కట్టబడినవి; కాని 1871లో ప్రభుత్వము ఆ పథకమును విడిచిపెట్టెను. నావలచే వచ్చిన సరకులన్నింటిలో మన్యమునకు మిక్కిలి అవసరమైనది ఉప్పు. ధాన్యమును కొండవాలున పండించుకొనవచ్చును, కూరను అడవిలో ఏరుకొనవచ్చును, తీపికి తేనె కలదు. ఉప్పు మాత్రము ఏ చెట్టును ఇవ్వదు. ఆ ఒక్క వస్తువు కొరకు గిరిజనుడు అడవినంతయు మోసుకొని సంతకు దిగవలసివచ్చెను.

సంతనాడు తెల్లవారుజాముననే పల్లెలు కదలును. పురుషులు కావడి వేసికొనియు, స్త్రీలు తలమీద గంపలు పెట్టుకొనియు బారులు తీరి నడచివత్తురు. ఇప్పుడు ఆటోలును ట్రాక్టర్లును కొంత భారమును మోయుచున్నను, లోపలి గూడెముల వారికి నడక తప్పలేదు. సూర్యుడు నడినెత్తికి వచ్చునప్పటికి సంత నిండును. ప్రొద్దు వాలకమునుపే పలుచబడును, ఏలనన చీకటిపడులోగా అందరును ఇల్లు చేరవలెను. ఈ కొలది గంటలలో సంవత్సరములోని ఏ మాసము నడచుచున్నదో అమ్మకపు రాశులే తెలుపును. మాఘ ఫాల్గుణములలో చింతపండు. చైత్రమున ఇప్పపూవు. వైశాఖ జ్యేష్ఠములలో మామిడి, తునికిపండ్లు, సారపప్పునిచ్చు మొర్రిపండ్లు. వానలు కురిసిన పిమ్మట వెదురుకొమ్ములు, పుట్టగొడుగులు. కార్తీక మార్గశిరములలో కొర్రలు, సామలు, కందులు, చిక్కుళ్ళు. ఉసిరియు, కుంకుళ్ళును, కరక్కాయలును చలికాలపు సరకులు. వీనికితోడు ముష్టిగింజలు, తపసిజిగురు, బురదనీటిని తేర్చు చిల్లగింజలు. కోయలు కొత్తపండుగ చేసికొని వేల్పులకు నివేదింపనిదే కొత్తపంటను నోట పెట్టరు. కావున కొత్త చిక్కుడు సంతకు వచ్చినదన్నచో ఆ పల్లెలో పండుగ గడచినదని తెలియవలెను.

వేసవిలో తునికాకు కోత మరియొక ఘట్టము. బీడీలు చుట్టు ఈ ఆకులను కుటుంబమంతయు అడవిలో కోసి, ఏబది ఆకులకొక కట్ట చొప్పున కట్టి, సాయంకాలము కల్లమునకు తీసికొనిపోగా, కల్లేదారు లెక్కించి వ్రాసికొనును. తునికాకు సంతలో అమ్ముడుపోవునది కాదు; కాని దాని కూలిడబ్బు చేతికి వచ్చిన వారములలో సంతకు ప్రాణము వచ్చును. కొత్త చీరలు, అల్యూమినియపు బిందెలు, విత్తనములు, పిల్లల పలకలు అన్నియు ఆ రూకలతోనే కొనబడును.

ఇప్పపూవును గూర్చి ఒకింత నిలిచి చెప్పవలసియున్నది. రాత్రివేళ విచ్చి తెల్లవారుజామున రాలు ఈ పూలు కండగలిగి, లేత మీగడవన్నెతో నుండును. చెట్టు క్రింది ఎండుటాకులను ముందుగా ఊడ్చి నేలను శుభ్రపరచి, పశువులు రాకమునుపే స్త్రీలును పిల్లలును గంపలతో ఏరుదురు. చాపలపై ఎండబోయగా రెండుమూడు దినములలో అవి ముడుచుకొని ఎండుద్రాక్ష వలె ఎర్రబారి, తియ్యని మత్తువాసన వేయును. ఇందు చక్కెర మెండు; కనుకనే సారాకు పనికివచ్చును. కాని సారా ఒక్కటియే దాని ప్రయోజనమనుకొనుట మైదానపు వారి భ్రమ. వేయించి తినుటకు, ఉడికించి తినుటకు, ధాన్యము తరుగు నెలలలో ఆకలి తీర్చుటకు ఇది మన్యపు నిలువ ఆహారము. పూవు వెనుక వచ్చు కాయల గింజలనుండి ఇప్పనూనె తీయుదురు. ఇటీవల గిరిజన స్త్రీల సంఘములు ఈ పూలతో లడ్లు చేసి అమ్ముచుండుట శుభపరిణామము.

ఇక కొలతల మాట. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము. కొలపాత్ర ఒక్కటే, కాని వర్తకుడు గిరిజనుని గింజలను కొలుచునప్పుడు పాత్ర అంచు దాటి రాశిగా పోయించుకొని, తన ఉప్పును కొలిచి ఇచ్చునప్పుడు అంచునకు సమముగా అరచేతితో గీసివేసినచో, పాత్ర మారకయే ధర మారిపోవును. దీనికి అప్పు తోడైనది. పెండ్లికో, చావుకో, విత్తులకో అప్పు తీసికొన్నవాని పంట కల్లములోనే సావుకారి పాలగును. లెక్క సావుకారి పుస్తకములోనే యుండును. ఆ పుస్తకమును బాకీదారుడు చదువలేడు. 1879లో రంపదేశమున చెలరేగి రేకపల్లి సీమకు కూడ ప్రాకిన పితూరీకి కల్లుపై వేసిన చిగురుపన్ను ఒక కారణము కాగా, పల్లపు వర్తకులు కోర్టు డిక్రీలు తెచ్చి కొండవారి పశువులను, ఆస్తులను హరించుట మరియొక కారణమని నాటి ప్రభుత్వ విచారణయే అంగీకరించినది. పిదప 1917 నాటి ఏజెన్సీ చట్టము గిరిజనుల అప్పులపై వడ్డీ సాలునకు నూటికి 24 మించరాదనియు, వారి భూములు ఇతరులకు స్వేచ్ఛగా బదిలీ కారాదనియు శాసించెను. నిజాము రాష్ట్రపు తీరమున కొండరెడ్లనెడు తెగవారి బ్రదుకును పరిశీలించిన హైమెండార్ఫ్ పండితుడు 1945లో వెలువరించిన గ్రంథములో కలప గుత్తేదారుల చేతులలో వారు పడిన బాధలను వర్ణించెను.

ఈ అనుభవమునుండియే 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ పుట్టినది. అడవి సరకును నిర్ణీత ధరకు కొనుట, నిత్యావసర వస్తువులను న్యాయమైన ధరకు అమ్ముట దాని ఆశయములు. సంతలో ఆ సంస్థ కాటా నిలిచినప్పుడు ప్రైవేటు వర్తకుడును తన ధరను కొంత సరిచేసికొనక తప్పదు. దాని మేలును తక్కువగా ఎంచరాదు. అయితే ఏ సరకునకైనను కొనువాడు ఒక్కడే అయి, వాడు ధరను తక్కువగా నిర్ణయించినచో, లేక కాలమునకు రూకలు చెల్లింపనిచో, అమ్మువానికి దిక్కేదను ప్రశ్న అప్పుడును కలదు, ఇప్పుడును కలదు. నేడు సంతలో వినబడు సంభాషణము వేరు. చింతపండు గంప దించిన స్త్రీని వర్తకుడు "ఏమ్మా, గింజ తీసిందేనా? ఎంతకిస్తవు?" అని అడుగగా, ఆమె తొందరపడదు. "తీసిందే. ముందు కాటా పెట్టు సావుకారీ, కాటా చూసి చెప్త" అనును. ఆ చిన్నమాట వెనుక మూడు తరముల విద్య కలదు.

సంతలోని హస్తశిల్పములు అలంకారమునకై పుట్టినవి కావు. ప్రతి వస్తువునకును ఒక పని కలదు. మేదరులును కొండరెడ్లును అల్లు వెదురు సామగ్రి వీనిలో ప్రధానము. పచ్చివెదురును నిలువున చీల్చి, కత్తిమొనతో పైపొరను, లోపొరను వేరుచేసి, గట్టిదైన పైపొర బద్దలను భారము మోయుచోటను, మెత్తనివానిని నడుమ నింపుటకును వాడుదురు. అల్లువాడు నేలమీద కూర్చుండి అడుగుభాగమును కాలివ్రేళ్ళతో అదిమిపట్టి, బద్దలను ఒకటి విడిచి ఒకటిగా దూర్చుచు, ప్రక్కలు లేచిన కొలది చేతితో తట్టి బిగించుచు పోయి, తుదకు అంచును రెండు చుట్టులతో బంధించును. తట్ట, గంప, చేట, బుట్ట, చేపలు పట్టు ఊత, కోళ్ళగూడు అన్నియు ఆ ఒక్క కత్తితోనే పుట్టును. కొనువారు గంపను వెలుగునకెత్తి చూతురు. సందులు సమముగానున్నచో అల్లిక మంచిది. చేటను ఇంటికి తీసికొనిపోయి మెంతిపిండి పూసి ఎండబెట్టినచో నూకలు జారవు.

కుమ్మరి కుండలు వేసవిలోను, కమ్మరి కొడవళ్ళు, గొడ్డండ్లు తొలకరికి ముందును ఎక్కువగా అమ్ముడుపోవును. ఎండిన ఆనపకాయను తొలిచి చేసిన బుర్రలో జొన్నజావ పోసికొని, దానిని భుజమునకు తగిలించుకొని సంతకు వచ్చు వృద్ధులు ఇప్పటికిని కలరు. జావ అందులో చల్లగా నిలుచును. మోదుగాకు విస్తళ్ళు, కొండచీపురులు, పూసలదండలు చిల్లరగా దొరకును. దుమ్ముగూడెములో క్రైస్తవ మిషనరీల ఆదరణతో ఒకప్పుడు లేసు అల్లిక కూడ వృద్ధిపొందినది. ఇప్పుడు ప్లాస్టికు బుట్ట వెదురుబుట్ట కంటె చౌకగా దొరకుటచే అల్లువారి సంఖ్య తగ్గుచున్నది. పనివాని శ్రమకు విలువ కట్టనిచో ఏ కళయు రెండవ తరమునకు నిలువదు.

ఆకలియైనవారికి సంతలో కొరత లేదు. వేడి నూనెలో పొంగు మిరపకాయ బజ్జీలు, పకోడీలు, బెల్లపు జిలేబీలు, బొరుగులు, కారప్పూస దొరకును. ఒక మూలన ఎండుచేపల రాశులు. వాని వాసన సంతకు వచ్చువానిని ముందే పలుకరించును. మరియొక మూలన చెట్టు నీడలో జీలుగుకల్లు, తాటికల్లు కుండలు. తాటాకు దొన్నెలో పోసి ఇచ్చుట ఇక్కడి పద్ధతి. పచ్చివెదురు బొంగులో మాంసము కూరి నిప్పులపై కాల్చు వంట అడవిలో పాత్ర అవసరము లేని వంటగా పుట్టి, నేడు చింతూరు, మారేడుమిల్లి దారిలో యాత్రికులు వెదకి తిను బొంగుచికెనుగా పేరుపొందినది. బొంగులోని తడియే మాంసమును ఉడికించును; నూనె అవసరమే లేదు.

సంతకు కొనుగోలు ఒక్కటే నిమిత్తము కాదు. వేరు వేరు గూడెములలోనికి ఇచ్చిన ఆడపడుచులు తల్లితో మాటలాడుటకు సంతకే వత్తురు. పెండ్లి సంబంధములు అక్కడనే కుదురును. పండుగ ఏనాడో, ఎవరికి జ్వరము వచ్చినదో, ఏ వాగు పొంగినదో తెలియునదియు అక్కడనే. కోయభాష, తెలుగు, హల్బీ, హిందీ ఒకే దుకాణము ముందు వినవచ్చును. ఆరోగ్యశాఖవారు మలేరియా పరీక్షలకును, బ్యాంకుల వారు ఖాతాలకును సంతదినమునే ఎన్నుకొనుట వివేకము. పోలవరము నీటిముంపున పడు కూనవరము, కుకునూరు, వేలేరుపాడు మండలముల వారికి ప్రభుత్వము కొత్త కాలనీలలో ఇండ్లు కట్టించుచున్నది. అయితే ఒక సంతకు చేరు నలుబది గూడెముల నడకదారులను ఏ కాలనీయును కట్టి ఇవ్వలేదు. పునరావాసపు లెక్కలలో ఇంటితోపాటు సంతకును స్థానముండవలెను.

చట్టము ఈ విషయమున మేలైన మాట పలికినది. పంచాయతీరాజ్ వ్యవస్థను షెడ్యూల్డు ప్రాంతములకు విస్తరింపజేసిన 1996 నాటి పెసా చట్టము, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యమును, గ్రామపు సంతలను నిర్వహించు అధికారమును గ్రామసభలకును పంచాయతీలకును అప్పగింపవలెనని శాసించినది. దానికి అప్పటి ఉమ్మడి రాష్ట్రమున నియమములు 2011లో వెలువడినవి. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఉత్పత్తుల సేకరణ, విక్రయ హక్కును మరల స్థిరపరచినది. ఆశీలు వసూలు ఎవరు చేయవలెను, ఎంత చేయవలెను, కాటాలను ఎవరు తనిఖీ చేయవలెను, నీడకు రేకులషెడ్డును, త్రాగుటకు నీటిని, స్త్రీలకు మరుగుదొడ్లను ఎవరు సమకూర్పవలెను అను ప్రశ్నలకు సమాధానము సంతకు వచ్చువారి చేతిలోనే ఉండవలెనన్నది ఈ శాసనముల సారము. ఈ అధికారము కాగితముమీదినుండి సంతమైదానములోనికి దిగునాడే తక్కెడ కథకు న్యాయమైన ముగింపు.

భద్రాద్రి రాముని దర్శింపబోవు పాఠకులకు ఒక విన్నపము. ఆలయము, పర్ణశాల, పాపికొండల పడవ ప్రయాణముతోపాటు ఒక పగటిపూటను సంతకు కేటాయింపుడు. ఆ వారము ఏ ఊరిలో సంతయో భద్రాచలము బస్టాండులో అడిగినచో ఎవరైనను చెప్పుదురు. మాఘమునుండి వైశాఖము వరకు అడవి సరకు సమృద్ధిగా వచ్చును. ఎండ తీవ్రము కనుక ఉదయమే చేరుట మంచిది. గుడ్డసంచియు, చిల్లర రూకలును వెంట నుంచుకొనుడు. మనుష్యులను అడుగక వారి ఛాయాచిత్రములు తీయకుడు. అన్నింటికంటె ముఖ్యముగా, పట్టణపు పెద్ద దుకాణములో అడిగినంత ఇచ్చి, ఎంతో దూరము నడచివచ్చి నేలమీద కూర్చున్న స్త్రీవద్ద పది రూపాయలకు బేరమాడు అలవాటును ఇక్కడ విడిచిపెట్టుడు. ఆమె తేనెకును, చింతపండునకును, ఆమె భర్త అల్లిన గంపకును అడిగిన ధర ఇచ్చి కొనుట దానము కాదు. మనము చాలకాలముగా బాకీపడిన సరియైన కొలత.